నలభై సిరంజీలు

మెకానిక్ మా కారు బానెట్ వేసిన తీరుకే నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి మొహం మీద గుడ్డ కప్పినట్టు వేశాడు.

"టర్బో పోయింది. బాగుచేయించడం దండగ. తుక్కు కింద నేనే తీసుకుంటా. నాలుగింటికి లారీ తెస్తా" అన్నాడు.

మా ఆయన తలూపాడు. ఆయనకంటే ముందే వాళ్ళ అన్నయ్య, మా బావగారు, ఊపేశారు. ఎప్పుడో రెండేళ్ళు టాక్సీ నడిపారు కాబట్టి మా ఇంట్లో కార్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. కారు ఎవరిదో ఆ ముగ్గురికీ గుర్తున్నట్టు లేదు. అది మా నాన్నది. పాతికేళ్ళు ఒక యజమాని దగ్గర డ్రైవరుగా చేసి, ఆ యజమాని వదిలించుకున్న కారునే కొనుక్కున్నాడు. అమ్మ మంచాన పడి నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన ఏడాది, దిగులు పడకమ్మా అంటూ అందులోనే నాకు డ్రైవింగ్ నేర్పాడు. పోయేముందు తాళం నా చేతిలో పెట్టాడు.

"ఆయిల్ పుల్ల తీసి చూశారా?" అని మెకానిక్‌ని అడిగాను.

"చూశానమ్మా."

"ఎంతవరకు ఉంది?"

"ఉండాల్సినంత ఉంది" అన్నాడు, నా వైపు కాదు, బావగారి వైపు చూస్తూ.

"కారు ఎందుకు పాడవదు మరి" అన్నారు బావగారు. "ఇంటికొచ్చాక కూడా ఇంజను ఆపకుండా అందులోనే కూర్చుంటుంది మా పైలటమ్మ. విమానం దిగాక చప్పట్లు కొట్టేవాళ్ళ కోసం చూస్తుందో ఏమో."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేను కూర్చునేది ఒక్క నిమిషం. కొండెక్కి దిగిన ఇంజనులో టర్బో, అదే ఇంజనుకి గాలి ఊదే చక్రం, ఎర్రగా కాలుతూ ఉంటుంది. దానికి ఆయిలే నీళ్ళు. టక్కున ఆపేస్తే ఆయిల్ ఆగిపోయి లోపలే మాడిపోతుంది. "పరిగెత్తి వచ్చినవాడిని గుమ్మంలోనే పడుకోబెట్టకూడదమ్మా, కాస్త అటూ ఇటూ నడవనివ్వాలి" అనేవాడు నాన్న.

మా బాబు ఏడో నెలలో పుట్టాడు. రెండేళ్ళు నిండినా వాడి ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు. వాడు నిద్రపోతుంటే నేను ఊపిరులు లెక్కపెడతాను, ఎవరు ఎంత ఎగతాళి చేసినా. వాడి ఆసుపత్రి కొండ మీద. బస్సు రోజుకు రెండుసార్లు. ఆయాసం బస్సు టైము చూసుకుని రాదు కదా. రెండు వారాలు అక్కడే వాడి మంచం పక్కన ఉండి మొన్ననే ఇంటికొచ్చాను. రేపు పొద్దున మళ్ళీ చూపించాలి. ఆ రెండు వారాలూ కారు ఈ అన్నదమ్ముల చేతిలో ఉంది. వెళ్ళేటప్పుడు లేని నీలం పొగ వచ్చేసరికి ఉంది.

మెకానిక్ వెళ్ళాడు. మగవాళ్ళిద్దరూ భోజనానికి కూర్చున్నారు. వడ్డించాల్సిన నేను బాబుని చంకనేసుకుని కారు దగ్గరికెళ్ళాను. పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి లాగాను. దాని మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. ఇది పై గీత దాటి రెండు వేళ్ళు పైకి ఎక్కి ఉంది. డిక్కీలో చూస్తే రెండు ఖాళీ లీటరు డబ్బాలు.

రెండింటినీ తెచ్చి కంచాల మధ్య పెట్టాను.

"ఒకటి నేనే పోశా" అన్నాడు మా ఆయన. "ఇంటికి రాగానే చూస్తే తక్కువుంది."

"నేనూ పోశాగా" అన్నారు బావగారు. "రాగానే చూశా, తక్కువుంది."

"రాగానే చూస్తే ఆయిల్ ఇంకా ఇంజను పైభాగంలోనే ఉంటుంది, కిందికి దిగదు. పది నిమిషాలు ఆగి చూడాలి. ఒక్కసారైనా ఆగారా? పోశానని ఒకరితో ఒకరైనా చెప్పుకున్నారా? పట్టనంత పోస్తే అది మింగలేక పొగ కక్కుతోంది."

"మంచికేగా పోశాం. నాలుగు చుక్కలు ఎక్కువైతే ఏమవుతుంది?"

"పిల్లాడికి పాలు ఎక్కువైతే ఏమవుతుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు" అన్నాను.

బాబు పాలు తాగలేని రోజుల్లో ముక్కు గొట్టంలోంచి పాలు పట్టిన పెద్ద సిరంజి నా దగ్గర ఇంకా ఉంది. పారేయడానికి ఎప్పుడూ చెయ్యి రాలేదు. అప్పుడు ఒక్క చుక్క ఎక్కువైనా వాడి ప్రాణం మీదికొచ్చేది. దానికి సెలైన్ గొట్టం తగిలించాను. ఆయిల్ పలచబడేలా ఇంజను కాసేపు తిప్పి ఆపి, పుల్ల తీసిన రంధ్రంలోంచి గొట్టం దించి లాగాను. సిరంజికి యాభై మిల్లీలీటర్లు. నలభై సిరంజీలు లాగాను. పదో సిరంజికి మా ఆయన వచ్చి డబ్బా పట్టుకున్నాడు. పట్టుకోమని నేను అనలేదు, వద్దనీ అనలేదు. చివర్లో పది నిమిషాలు ఆగి పుల్ల చూశాను. ఆయిల్ గీతల మధ్య ఉంది.

సరిగ్గా నాలుగింటికి లారీ వచ్చింది.

"ముందు కారెక్కండి" అన్నాను మెకానిక్‌తో. "బావగారూ, మీరు కూడా."

వెనక కిటికీ పక్కన బాబుని వాడి సీట్లో కూర్చోబెట్టాను. మిగిలిన చోట వాళ్ళిద్దరూ ఇరుక్కున్నారు. మా ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఇంజను వేడెక్కేదాకా నెమ్మదిగా పోనిచ్చాను. పొగ గొట్టంలో మిగిలిన ఆయిల్ కాలి మొదటి మలుపు దాకా పొగ వస్తూనే ఉంది.

"చెప్పానా" అన్నారు బావగారు.

కొండ మొదలవగానే యాక్సిలరేటర్ తొక్కాను. పోయిందన్న టర్బో సన్నగా ఈల వేస్తుంటే కారు పైకి లాగింది. మూడో మలుపుకి అద్దంలో వెనక రోడ్డు పొగ లేకుండా శుభ్రంగా కనిపించింది. బావగారు అటే చూస్తున్నారు. ఆసుపత్రి గేటు దాకా ఎక్కి వెనక్కి తిప్పాను.

ఇంటి ముందు ఆపాను, ఇంజను తిరుగుతూనే ఉంది. వెనక హ్యాండిల్ టకటకలాడింది.

"తలుపు రావట్లేదేంటి?" అన్నారు బావగారు.

"చైల్డ్ లాక్ ఉంది. బయటినుంచే తెరవాలి. నిమిషం కాలేదు, కూర్చోండి."

ఎవరూ నవ్వలేదు. అద్దంలో మెకానిక్ కళ్ళలోకి చూశాను.

"పుల్ల చూశానన్నారు. ఎంతవరకు ఉంది?"

అతను బాబు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

నిమిషం అయింది. ఇంజను ఆపి, తాళం తీసి పిడికిట్లో పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ మా ఆయన చెయ్యి చాచాడు.

"ఇకనుంచి కారు కావాలంటే నన్నడగండి" అని దిగాను. ముందు బాబు వైపు తలుపు తీశాను.