అడగకుండా పీకిన తీగ

"మా ఆయన ప్రాణం మీదికి తెచ్చింది మీరే. ఈ ఫోను చేసినవాళ్ళూ, అమ్మిన నువ్వూ," అంది ఆపరేటరమ్మ, ఫోనుని షాపు గాజుబల్ల మీద పెట్టి.

షాపతను బిత్తరపోయాడు. వారం కిందట నవ్వుతూ కొనుక్కెళ్ళిన మనిషే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యేళ్ళు పనిచేసింది కనక వీధంతా ఆమెని ఆపరేటరమ్మ అనే పిలుస్తుంది.

జరిగింది చెప్పింది. భర్తకి నిద్రలో షుగరు పడిపోతుంది, ఆయనకే తెలీదు. అందుకని డాక్టరు జబ్బకి బొత్తాం అంత యంత్రం అంటించి, ఫోన్లో యాప్ వేయించాడు. షుగరు పడితే ఫోను గోలపెట్టాలి. నిన్న మధ్యాహ్నం కునుకు తీసిన మనిషి ఒళ్ళంతా చెమటలతో, అడిగినదానికి ఇంకేదో చెబుతూ కనబడ్డాడు. పక్కనే ఫోను, బెల్లం కొట్టిన రాయిలా ఉంది. చక్కెర నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. ఇవాళ ఆడపడుచుని కాపలా పెట్టి ఇక్కడికొచ్చింది.

షాపతను ఫోను తిప్పి చూశాడు. "బ్యాటరీ ఆదా ఆన్‌లో ఉంది పెద్దమ్మా. వెనకాల దేన్నీ నడవనివ్వదు. కంపెనీ అలాగే పంపుతుంది. పైగా మీరూ తెరిచిన యాప్‌లన్నీ వేలితో పక్కకి తుడిచేసి ఆపేస్తున్నట్టున్నారు."

"తుడిస్తే ఛార్జింగ్ నిలుస్తుందని నేర్పిందెవరు నాయనా?"

అతను తల గోక్కున్నాడు. ఆ యాప్‌కి వెనకాల నడిచే అనుమతి ఇచ్చాడు. పనైపోయిందన్నాడు. ఆమె నమ్మలేదు. రుజువు చూపించమంది. జబ్బ మీది యంత్రానికి దూరంగా ఉంటే ఆ యాప్ ఇరవై నిమిషాల్లో మోగాలి. యంత్రం ఇంట్లో ఉంది, ఫోను ఇక్కడుంది. స్క్రీన్ ఆపేసి, స్టూలు మీద కూర్చుంది.

కూర్చుంటే ఎక్స్ఛేంజీ గుర్తొచ్చింది. బోర్డు ముందు వరసగా పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. దీపం వెలిగితే తీగ గుచ్చాలి, మాటలైపోతే పీకాలి. బోర్డు ఖాళీ అయితే కడిగిన ముత్యంలా ఉండేది. ఫోన్లో యాప్‌లు తుడుస్తుంటే వేలికి ఆ సుఖమే తగిలింది, అందుకే ఒకటికి పదిసార్లు తుడిచింది.

అప్పట్లో ఆయన లైన్‌మన్. స్తంభం ఎక్కి, లైను బాగుచేసి, "వినపడుతోందా?" అని అడిగేవాడు. పడుతోంది, దిగమంటే దిగేవాడు కాదు, మళ్ళీ అడిగేవాడు. పెళ్ళికి ముందు ఆరు నెలలు ఆమెకి తెలిసింది ఆ గొంతొక్కటే. పక్క సీటు పిల్ల, మీ ఆయనకి స్తంభం మీదే కాపురం పెట్టించు అని ఏడిపించేది.

ఎవరి తీగైనా పీకేముందు లైన్లోకి వెళ్ళి, "మాట్లాడుతున్నారా?" అని అడిగి తీరాలి. అడక్కుండా పీకిన పిల్లకి పెద్దాపరేటరు మాటలతోనే తోలు ఒలిచేది.

ఆపరేటరమ్మ బల్ల మీది ఫోను వంక చూసింది. వారం రోజులుగా అడక్కుండా పీకింది తనే.

ఫోను అరిచింది. బల్ల మీద గిలగిలా కొట్టుకుంటూ, యంత్రం అందడం లేదని అరిచింది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఎవరో ఆయన్ని వెతుకుతున్నారు, అంతే చాలు.

"అయితే పెద్దమ్మా, అప్‌డేట్ వస్తే ఇది మళ్ళీ మారిపోవచ్చు," అన్నాడు షాపతను నిజాయితీగా.

ఆమె లేచింది.

"నా తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ నేను తుడిచినా, ఇది మనిషి ప్రాణం కాసేది, ఆపమంటారా అని ఫోను అడగాలి. కంపెనీకి ఆ మాట ఇవాళే రాయి, కింద నా సంతకం కూడా పెట్టించు. ఈ ఫోను ఎవరెవరికి అమ్మావో వాళ్ళందరికీ ఫోన్ చేసి, వెనకాల ఏం నడవాలో వాళ్ళనే అడుగు. మొదటి నంబరు ఇప్పుడే నొక్కు. నేను విని వెళ్తాను."