పళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటే

"ఆ మిక్సీ ఎవరికైనా ఇచ్చెయ్. అక్కడ కరెంటు వేరట, పనిచెయ్యదు," అన్నాడు భర్త, అన్నం కలుపుకుంటూ.

"ఎక్కడ?" అంది ఆమె.

"చెప్పలేదూ? మా కంపెనీ వాళ్లు ఇంకో దేశంలో కొత్త ఆఫీసు తెరుస్తున్నారు. సరేనన్నాను. వేసవికి వెళ్లిపోవాలి."

చెప్పలేదు. గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది. పెళ్లయ్యాక ఇది మూడో దేశం, వెళ్లబోయేది నాలుగోది. సొంత ఊళ్లో ఆమె పళ్ల డాక్టరు. ఇక్కడ ఆ చదువు చెల్లదు కనుక ఇంకో డాక్టరమ్మ దగ్గర సహాయకురాలు. పనిముట్లు అందించాలి, రోగి నోట్లో ఊరే నీళ్లు లాగే గొట్టం పట్టుకోవాలి. వాళ్లు నోరు తెరుచుకుని ఉన్నంతసేపూ తను నోరు మూసుకుని ఉండాలి. మొదటి దేశంలో పరీక్షకు పుస్తకాలు కొనేలోపే బదిలీ. రెండో చోట సగం చదివాక. ఇక్కడ, పిల్లకు అన్నం పెట్టి, అంట్లు తోమి, నిద్ర ఆపుకుని చదివి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక చేత్తో చేసి చూపించే పరీక్షే మిగిలింది, అదీ వచ్చే చలికాలంలో. "అక్కడ రాసుకోవచ్చులే, పళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటే కదా," అని కిందటిసారి బదిలీ అయినప్పుడు స్నేహితుల ముందు జోకేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, వాళ్లకు కాఫీలు కలపడానికి లేచింది.

వెళ్లిపోయే ఇల్లని గోడకు మేకు కొట్టనివ్వడు. రెండో బిడ్డ సంగతెత్తితే "ఎక్కడో ఒకచోట స్థిరపడనీ," అనేవాడు. ఆ ఒకచోటు రాలేదు, ఈలోగా ఆ వయసు కాస్తా దాటిపోయింది. పోనీ పుట్టింటికి వెళ్తే, గుమ్మంలోనే వదిన "ఎన్నాళ్లుంటావు?" అంటుంది. ప్రేమగానే అడుగుతుంది పాపం, పక్కలు సర్దుకోవాలి కదా. ఈ ఊరొచ్చిన కొత్తలో కూతురు అడిగింది: "అమ్మా, ఇక్కడ ఫ్రెండ్స్‌ని చేసుకోనా, వద్దా?" చేసుకోమంది. అది చేసుకుంది కూడా.

మర్నాడు, పరీక్షకు కూర్చోనని చెబుదామనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ రెండో గదిలో కొత్త కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు ఊడదీస్తోంది.

"ఇంకెవర్నీ పెట్టుకోవట్లేదు. నువ్వు పాసయ్యేదాకా ఈ గది ఖాళీగానే ఉంటుంది," అందావిడ. "స్టూలు ఎత్తు నీకు సరిపోతుందో లేదో ఒకసారి చూడు."

ఆమె వెళ్లి కుర్చీ పక్కనున్న డాక్టరు స్టూలు మీద కూర్చుంది. కాళ్లు నేలకు ఆనాయి. ఎందుకో వెంటనే లేవబుద్ధి కాలేదు.

"సరిపోయింది," అంది.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పింది. "మీరు వెళ్లండి. నేనూ పిల్లా ఇక్కడే ఉంటాం."

అతను ఫోన్లోంచి తలెత్తాడు. "ఎవరున్నారిక్కడ నీకు?"

"అక్కడెవరున్నారు?"

అతను కోప్పడలేదు. కోప్పడితే తేలికగా ఉండేది. "అమ్మకేం చెప్పమంటావ్?" అన్నాడు.

"నేనే చెప్తాను," అని అత్తగారికి ఫోన్ చేసింది. ఆవిడ సంగతంతా విన్నారు. ఏడుస్తారేమో అనుకుంది. ఏడవలేదు.

"వాడికి వంటొచ్చా?" అనడిగారు చివరికి.

ఆమె భర్త వైపు చూసింది.

"రాదత్తయ్యా," అంది. "నేర్చుకుంటారు."