ఆదివారానికి మాగిన పళ్లు

“అవేమన్నా పాలపాకెట్లట్రా, చలిలో పెట్టి దాచుకోడానికి?” అంది పున్నమ్మ.

కాఫీల దగ్గర మొదలైన మాట టిఫిన్లు అయ్యేదాకా సాగుతూనే ఉంది.

“వారం పది రోజులు ఆపితే చాలమ్మా. బసవపున్నారావుకి నూజివీడులో కూల్‌డ్రింకులు పెట్టుకునే కోల్డ్ రూమ్ ఉంది. అడిగాను, సరేనన్నాడు,” అన్నాడు ఆమె కొడుకు తిరుపతిరావు.

“వాడికేం, సరేనంటాడు. పళ్లు వాడివా? దోరగా ఉన్నదాన్ని చలిలో పెడితే అది కాయా కాదు, పండూ కాదు.”

“ఓడల్లో దేశాలు దాటి పోతున్నాయి. వాటికేం అవుతోంది?”

“ఓడెక్కేవి బంగినపల్లి నాన్నా. మన చిన్నరసాలకి పాస్‌పోర్ట్ లేదు,” అన్నాడు అభిరామ్ ఇడ్లీ తుంచుకుంటూ.

“నువ్వు తిని లే ముందు,” అన్నాడు తండ్రి.

తిరుపతిరావు భార్య హైమావతి ఖాళీ పళ్లేలు తీస్తూ మధ్యగది వైపు చూసింది. తలుపు దగ్గరగా వేసి ఉన్నా, వరిగడ్డి వాసనతో కలిసి పళ్ల వాసన అప్పుడే వసారాలోకి వస్తోంది. భర్త చెప్పేదీ అర్థమవుతోంది, అత్తగారు చెప్పేదీ అర్థమవుతోంది. గడ్డిలో ఉన్నవాటికి మాత్రం ఎవరి మాటా పట్టదు.

వాళ్ల ఊరు ముసునూరుకి దగ్గర. ఊళ్లో యువజన సంఘం ఉంది, అందరూ క్లబ్బు అంటారు. ఏటా వేసవిలో, ఆ ఏడాది బాగా పనిచేసినవాళ్లలో ఒకరిని ఉత్తమ సభ్యుడని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారు. ఆ పూట భోజనంలోకి రసాలు ఆ సభ్యుడి ఇంటి నుంచే రావాలి. ఎవరూ పెట్టిన నియమం కాదుగానీ, బజారులో కొన్న పండు వడ్డించిన ఇల్లు ఇంతవరకూ లేదు.

ఈ ఏడు హైమావతి కూతురు యోగిత పేరు చెప్పారు. క్లబ్బులో ఒక ఆడపిల్ల పేరు చెప్పడం ఇదే మొదలు. ఏప్రిల్లో ఈదురుగాలికి తోటల్లో రాలిన పచ్చి మామిడికాయని ఎవరూ పట్టించుకోరు. యోగిత, ఆమె స్నేహితురాలు సుసన్నా, ఇంకొందరు ఆడపిల్లల్ని కూడగట్టి ఆ కాయలన్నీ ఏరుకొచ్చారు. చెక్కు తీసి, ముక్కలు కోసి, డాబాల మీద ఎండబెట్టి ఒరుగులు చేసి అమ్మారు. సొన పడి అందరి వేళ్లూ పొక్కాయి. ఇప్పుడు స్కూలు గ్రౌండులో ఆడపిల్లలకో వాలీబాల్ కోర్టు, దానికి లైట్లు ఉన్నాయంటే ఆ ఒరుగుల వల్లే.

తిరుపతిరావు తోటని పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తాడు. ఇంటికని రెండు చిన్నరసం చెట్లు మాత్రం ఉంచుకుంటాడు. ఆదివారం ఫంక్షన్ కదా అని రోజులు చూసుకుని, ఆ రెండు చెట్ల కాయంతా మంగళవారం కోయించి గడ్డిలో మాగవేశారు. చెట్టున ఒక్కటి మిగల్లేదు. మర్నాడు సాయంత్రం క్లబ్బు ప్రెసిడెంటు కిషోర్ బాబు ఫోన్ చేశాడు. ముఖ్య అతిథిగా వస్తానన్న పెద్దమనిషికి ఆ రోజు కుదరదట. ఆ పై ఆదివారం వస్తాడట.

“ముఖ్య అతిథి కావాలని నేనడిగానా?” యోగిత తల దువ్వుకుంటూ వచ్చి గడప మీద నిలబడింది. “సోమవారం పొద్దున్నే సుసన్నా వెళ్లిపోతుంది నాన్నా. విశాఖలో హాస్పిటల్ డ్యూటీలో చేరాలి. మళ్లీ ఎప్పుడు సెలవిస్తారో దానికే తెలీదు. అది లేకుండా నేనొక్కదాన్నే స్టేజీ ఎక్కి ఏం చెయ్యను?”

“శాలువా నీకు కదమ్మా కప్పేది.”

“కాయలు కోసింది నేనొక్కదాన్నే కాదు కదా.”

“రెడ్డిగూడెంలో అత్తయ్యావాళ్లకి చెప్పాను. పేపర్లో ఫొటో వస్తుంది. పెద్దవాళ్ల చేతుల మీదుగా అందుకుంటే ఆ విలువే వేరు. నీ మంచికే చెప్తున్నా.”

అతను మంచికే చెబుతున్నాడని హైమావతికి తెలుసు. కూతురి పేరు చెప్పిన సాయంత్రం, కడిగి పెట్టిన మోటారుసైకిల్‌నే మళ్లీ కడిగాడు. ఎవరైనా అడిగితే బాగుండునని గేటు దగ్గరే నిలబడ్డాడు.

టిఫిన్ అయ్యాక గడ్డి పక్కకి తీసి, రెండు ప్లాస్టిక్ ట్రేలు నింపుకుని ఆటోలో నూజివీడు వెళ్లాడు. మిగతావి మర్నాడు తీసుకెళతానన్నాడు. పున్నమ్మ చెదిరిన గడ్డిని మళ్లీ సర్దింది.

మర్నాడు ఆటో దొరకలేదు. సాయంత్రం సుసన్నా వచ్చింది. వెళ్లేముందు అందరికీ చెప్పి వెళదామని వచ్చిందిగానీ, వచ్చిన పావుగంటకే పున్నమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పున్నమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వేళ్ల మీద నల్లటి మచ్చలు చూసింది.

“హాస్పిటల్లో ఇవి చూసి ఏమంటారే?”

“నర్సమ్మది నూజివీడు వైపు అనుకుంటారు మామ్మగారూ.”

తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న తిరుపతిరావుని చూసి లేచి నిలబడింది. “ఒక వారం ఆగి చేరతానని అడిగి చూశానంకుల్. కుదరదన్నారు. పర్లేదు, వీడియో కాల్‌లో చూస్తాలెండి.”

తిరుపతిరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నాన్నా, మీకు కూడా ఇచ్చారుగా క్లబ్బు పెట్టిన కొత్తలో,” అన్నాడు అభిరామ్. “అప్పుడు ముఖ్య అతిథి ఎవరు?”

“ఎవరో వచ్చాడు రా. కోటు వేసుకొచ్చాడు ఎండలో.” తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. “పేరు గుర్తు లేదు. ఇదిగో, వీళ్ల నాన్న పాల్ రాజు మాత్రం పద్నాలుగు రసాలు తిన్నాడు. చొక్కా విప్పి పక్కన పెట్టి మరీ కూర్చున్నాడు.”

“మా నాన్న పన్నెండే అంటాడంకుల్.”

“అబద్ధం. టెంకలు నేను లెక్కపెట్టా.”

“లెక్కపెడుతూ వీడూ పదమూడు లాగించాడు,” అంది పున్నమ్మ. “ఇద్దరికీ మజ్జిగ పట్టలేక నా ప్రాణం పోయింది.”

సుసన్నా పడీపడీ నవ్వింది. యోగిత కూడా నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి. తిరుపతిరావు నవ్వుతూనే కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్లాడు. హైమావతి మంచినీళ్లు తీసుకెళితే, జామచెట్టు కింద ఊరికే నిలబడి ఉన్నాడు.

“ఫొటో బాగా వస్తుందనుకున్నా,” అన్నాడు.

“వస్తుంది, ఎవరు తీసినా,” అంది ఆమె.

శనివారం పొద్దున బసవపున్నారావు ఫోన్ చేశాడు. “ఒకసారి వచ్చి చూసుకో బావా, రంగు నాకు నచ్చలేదు,” అన్నాడు. తిరుపతిరావు వెళ్లి మధ్యాహ్నానికి రెండు ట్రేలూ వెనక్కి తెచ్చాడు. పైకి చెమట పట్టి, తోలు బూడిదరంగుకి తిరిగి, అక్కడక్కడా నల్లగా గుంటలు పడ్డాయి. పున్నమ్మ ఒకటి తీసి ముచ్చిక కొరికి పిండింది. రసం రాలేదు. కత్తిపీట తెచ్చి కోసింది. టెంక చుట్టూ తెల్లగా, గట్టిగా ఉంది. ముక్క నోట్లో వేసుకుని తొట్టి దగ్గరికి వెళ్లి పుక్కిలించి వచ్చింది. ఆమె ఏదో ఒకటి అని ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేదేమో.

మధ్యగదిలో గడ్డి కింద మిగిలినవి మాత్రం పసుపు తిరిగాయి. హైమావతి ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా లోపలికి పోయింది. రేపటికి సరిగ్గా ఉంటాయి. ఎల్లుండికి తోలు పగులుతుంది.

సాయంత్రం తిరుపతిరావు ఎక్కడికో వెళ్లి దీపాలవేళకి తిరిగొచ్చాడు. పెందలాడే అన్నాలకి కూర్చున్నారు. యోగిత వడ్డిస్తోంది. అతను పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా, పళ్లెం వైపే చూస్తూ చెప్పాడు.

“కిషోర్ బాబుతో మాట్లాడి వచ్చాను. రేపే. మన వాకిట్లోనే. శాలువా కిషోరే కప్పుతాడు. ఒరుగులు కోసిన పిల్లలందరినీ పేరుపేరునా పిలవమన్నాను. సుసన్నా నీ పక్కనే నిలబడుతుంది.”

 యోగిత చేతిలో గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

“ఆ పెద్దాయన?” అంది హైమావతి.

“ఆయన వచ్చిన రోజు ఆయనకి మజ్జిగిద్దాం.” తల్లి వైపు తిరిగాడు. “పళ్లు మనిషికి రెండే వస్తాయమ్మా.”

“పాల్ రాజుకి చెప్పావా?”

“చెప్పాను. చొక్కా విప్పనని మాటిచ్చాడు,” అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. “పొద్దున్నే గడ్డి తీసి పళ్లు ఏరాలి. అందరూ త్వరగా పడుకోండి.”