పుణె నుంచి తెచ్చిన పెట్టె

పుణెలో కాపురం వదిలి వచ్చేసినప్పుడు మృణ్మయి ఫ్రిజ్ తేలేదు, వాషింగ్ మెషిన్ తేలేదు, పెళ్లిలో పెట్టిన వెండి సామాను ఊసే ఎత్తలేదు. రెండు సూట్‌కేసుల బట్టలు, ఎనిమిదేళ్ల కూతురు ఓవీ, హాల్లో గోడకు తగిలించి ఉన్న ఇంటర్నెట్ రౌటర్. తెచ్చుకున్నది అంతే. సాంగ్లీలో మూడో అంతస్తు ఫ్లాట్ వెతికిపెట్టిన అన్న సుహాస్, సూట్‌కేసులోంచి బయటపడిన ఆ తెల్లటి పెట్టెను చూసి నవ్వాడు.

"వెండి వదిలేసి ఈ ప్లాస్టిక్ డబ్బా మోసుకొచ్చావా తల్లీ?"

"నా మొదటి దీపావళి బోనస్‌తో కొన్నాను దాదా. ఆ ఇంట్లో చెంచాతో సహా అన్నీ నేనే కొన్నానంటాడు. దీన్ని మాత్రం అనలేడు."

మనిషి అభిమానం ఎక్కడ తల దాచుకుంటుందో చెప్పలేం. మృణ్మయిది ఆ పెట్టెలో దాచుకుంది. చెడ్డ చోటు చూసుకుంది, ఏం చేస్తాం.

భర్త హృషీకేశ్ కొట్టేవాడు. రోజూ కొట్టేవాడు కాదు, ఆ సంగతి అత్తగారు నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా. కొట్టిన మర్నాడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని లోకంలో లేని మంచి తండ్రి అయిపోయేవాడు. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం కాబట్టి ఆ రౌటర్‌కు సెట్టింగులన్నీ పెట్టింది అతనే. తన ఫోన్‌లో దాని యాప్ తెరిచి, ఇంట్లో ఏమేం నెట్‌కు తగులుకుని ఉన్నాయో ఓవీకి వరసగా చూపించేవాడు. ఓవీ ఒక్కోదానికి పేరు పెట్టేది. తన ట్యాబ్‌కు 'ఓవీ మహారాణి' అని, పెద్ద టీవీకి 'లావు మామా' అని, అమ్మ ఫోన్‌కు ఒట్టి 'ఆయీ', అంటే అమ్మ అని. సాయంత్రం ఆయీ అన్న పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందంటే అమ్మ గుమ్మం దాకా వచ్చేసినట్టే. చుక్క చూసి గెంతుకుంటూ పోయి తలుపు తీసేది.

ఇప్పుడు కోర్టులో కేసు నడుస్తోంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో ఇంకా తేలలేదు. "నీ దగ్గర ఎలా ఉంటుందో చూస్తా" అని కోర్టు మెట్ల మీదే అన్నాడు హృషీకేశ్. అందుకే ఈ ఫ్లాట్ ఎక్కడుందో అతనికి తెలియకూడదు. అన్న ఉండేది పక్కనే మిరజ్‌లో అయినా అతని ఇంటికి పోకుండా విడిగా దిగడం కూడా అందుకే. మృణ్మయికి నిద్ర పట్టాలన్నా, అన్నం సయించాలన్నా ఆ ఒక్క విషయం మీదే ఆధారం.

మిరజ్‌లోని ఒక ఆసుపత్రి బిల్లులు ఇంట్లో కూర్చుని చూసే పని దొరికింది. రోగుల వివరాలు బయటికి పోకూడదు, ఇంట్లో నెట్‌కు కట్టుదిట్టం చేసుకోవాలి అన్నారు వాళ్లు. అసలే భర్త భయం, దానికి ఇదొకటి తోడైంది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు బోధించే అన్నను పిలిచింది. ఆదివారం పొద్దున సుహాస్ వచ్చి, అటుకుల పోహే ప్లేటు ముందు పెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"రెండు దార్లున్నాయి మృణా. ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో, ట్యాబ్‌లో దేనికది ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, అదే అడ్డుగోడ, వేసుకోవచ్చు. లేదంటే రౌటర్లోనే ఆ గోడ కట్టుకోవచ్చు. మొదటిది మీ ఫ్లాట్ తలుపుకి గొళ్లెం. రెండోది కింద సొసైటీ గేటు."

"గొళ్లెం చాలదా?"

"గొళ్లెం మంచిదే. కానీ గేటు దగ్గర వేరేవాడు కూర్చుంటే? లోపలికి రాకపోయినా ఎవరు పోతున్నారో ఎవరు వస్తున్నారో చూస్తూ ఉంటాడు కదా. నా మాట విను. ఆ డబ్బా వెనక చిన్న చిల్లుంటుంది. పిన్ను పెట్టి నొక్కి పట్టుకుంటే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కొత్తగా మొదలుపెట్టి గోడ అక్కడ కడదాం. ఆ తర్వాత గొళ్లేలు కూడా పెట్టుకో, వద్దన్నానా?"

"తుడిచేస్తే నెట్ మళ్లీ ఎలా వస్తుంది?"

"మీకు నెట్ కనెక్షన్ ఇచ్చిన బాపూ మళ్లీ వచ్చి వాళ్ల పాస్‌వర్డ్ కొట్టాలి."

"ఇంకేం, వచ్చినట్టే! బాపూ మనుషులంతా గణపతి మండపం దగ్గర ఢోలు వాయిస్తున్నారు. నిమజ్జనం అయ్యేదాకా వాళ్లు ఫోనెత్తితే నన్నడుగు. ఇన్నాళ్లు నెట్ లేదంటే ఆసుపత్రివాళ్లు ఇంకొకళ్లని పెట్టుకుంటారు."

"పోనీ, కొత్త రౌటర్ కొను."

"బాగున్నదాన్ని పారేసా? వద్దు దాదా. పండగ అయిపోనీ. ఇప్పటికి గొళ్లేలు పెట్టు."

సుహాస్ గట్టిగా పట్టుబట్టలేదు. ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో, ట్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ వేసి, ఇంకో ప్లేటు పోహే పెట్టించుకుని తిని వెళ్లాడు. తర్వాత్తర్వాత ఆ రెండో ప్లేటు తలచుకుని ఎంత కుమిలిపోయాడో అతనికే తెలుసు.

సాఫ్ట్‌వేర్ మాత్రం బుద్ధిగా పనిచేసింది. ఫలానా చోటి నుంచి ఎవరో రాబోయారు, ఆపేశాను అని ఎర్ర అక్షరాలతో చెప్పేది. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా మృణ్మయికి గుండెల మీద బరువు కొంచెం దిగేది. గోడ మీది తెల్ల పెట్టె మాత్రం ఏమీ చెప్పేది కాదు. ఒక దీపం వెలిగించుకుని ఊరుకునేది.

సొసైటీ గణపతికి సాయంత్రం హారతి ఒక్కో రోజు ఒక్కో ఫ్లాట్ వంతు. మృణ్మయి వంతు వచ్చిన రోజే ఓవీకి జ్వరం తగిలింది. నేను రాలేనేమో అని ఎదురింటి పెద్దావిడ ఇనామ్‌దార్ కాకూతో చెప్పబోయింది.

"అయ్యో, వంతు తప్పిస్తే ఎలాగమ్మా? కొత్తగా దిగినవాళ్లు. పైగా..." అని కాకూ ఆగింది. పైగా తర్వాత ఏముందో మృణ్మయికి తెలుసు. మొగుణ్ని వదిలి వచ్చింది. ఈ మాట నోటితో అనకుండానే నలుగురి చెవిలో వేసే నేర్పు కాకూకు పుష్కలంగా ఉంది.

"పది నిమిషాల పని. పిల్ల ట్యాబ్ చూసుకుంటూ పడుకుంటుంది. కింద మనమంతా ఉన్నాం, ఎవరొచ్చి ఎత్తుకుపోతారు?"

మృణ్మయి మందు వేసి, దుప్పటి కప్పి, పిల్ల చేతిలో ట్యాబ్ పెట్టింది.

"ఎవరొచ్చినా తలుపు తీయకు, సరేనా?"

"సరే ఆయీ. నాకు రెండు మోదకాలు తేవాలి. తెల్లవి కాదు, వేయించినవి."

మీ నాన్న వచ్చినా తీయకు అనలేదు. ఆ మాట ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చింది. తండ్రంటే భయపడమని పిల్లకు నేర్పడం ఆమెకు చేతకాలేదు. దాన్ని తప్పనేవాళ్లు అనవచ్చు, నేను మాత్రం అనలేను.

కింద ఢోలు, తాషా దద్దరిల్లుతున్నాయి. మృణ్మయి హారతి పళ్లెం పట్టుకుంది. ఎవరో కర్పూరం మళ్లీ వెలిగించారు. పాట ఒకటి అయిపోయాక ఇంకొకటి ఎత్తుకున్నారు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మోదకాలు రెండు కాగితంలో చుట్టుకుని మెట్లెక్కింది.

తలుపు బార్లా తీసి ఉంది. ట్యాబ్‌లో బొమ్మల సినిమా నడుస్తూనే ఉంది. దుప్పటి లేదు. ఓవీ చెప్పులు గుమ్మం దగ్గర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బాత్రూమ్‌లో చూసింది. బాల్కనీలో చూసింది. మంచం కింద కూడా వంగి చూసింది. ఎదురింటి తలుపు బాదింది, ఇంటిల్లిపాదీ కిందే ఉన్నారని గుర్తొచ్చి మెట్ల మీదుగా అరుచుకుంటూ పరిగెత్తింది. ఆ ఢోలు మోతలో ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ పాండురంగ్ బిక్కచచ్చిపోయాడు. "ఒకాయన వచ్చాడు తాయీ. గణపతి దర్శనం అన్నాడు. ఈ పది రోజులూ ఎవర్నీ ఆపొద్దని కమిటీవాళ్లే చెప్పారు కదా. పోయేటప్పుడు భుజం మీద పిల్ల, దుప్పట్లో. నిద్రపోయింది అన్నాడు. ప్రసాదం కూడా తీసుకున్నాడు తాయీ, కళ్లకద్దుకుని మరీ తీసుకున్నాడు."

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్న హవల్దార్ కలం పక్కన పెట్టి నిట్టూర్చాడు. "తండ్రే కదమ్మా. బయటివాడెవడో ఎత్తుకుపోతే ఆ సంగతి వేరు. పిల్ల మీ దగ్గరే ఉండాలని కోర్టు రాసిచ్చిందా?"

"కేసు నడుస్తోంది."

"నడుస్తోంది కదా. తేలాక రండి."

పుణె ఇంటికి తాళం. అత్తగారు ఫోన్‌లో, మాకేం తెలుసు అంది. హృషీకేశ్ ఆఫీసుకు సెలవు పెట్టాడట. నాలుగో రోజు తెలియని నంబరు నుంచి అతనే చేశాడు.

"పిల్ల బాగానే ఉంది. జ్వరం తగ్గింది."

"దానికి ఫోనివ్వు. ఒక్కసారి మాట్లాడనీ హృషీ, నీ కాళ్లు పట్టుకుంటాను."

"జ్వరంతో ఉన్న పిల్లను ఒక్కదాన్నే వదిలేసి హారతికి ఊరేగావ్. బుధవారం కూరగాయలకు పోయావ్, పిల్ల ఒక్కతే. అంతకుముందు శనివారం అరగంట పైనే ఒక్కతే. అన్నీ నా దగ్గరున్నాయి. జడ్జిగారికి చూపిస్తా, ఇదీ తల్లి వరస అని."

వెనక టీవీ మోత వినిపించింది. ఓవీ గొంతు వినిపించలేదు. ఫోన్ కట్ అయింది. శనివారం సంగతి కాకూకు కూడా తెలియదు. అన్న వచ్చీ రాగానే అదే అడిగింది.

"శనివారం వాడికెలా తెలుసు దాదా?"

సుహాస్ రౌటర్ అడుగున ఉన్న పాస్‌వర్డ్ చూసి, ల్యాప్‌టాప్‌లో దాని సెట్టింగులు తెరిచాడు. చూస్తూ చూస్తూ అతని మొహం నల్లబడిపోయింది.

"ఈ పెట్టె ఇంకా వాడి యాప్‌కే కట్టి ఉంది మృణా. పుణెలో వాడు కట్టిన ముడి ఎవరమూ విప్పలేదు. నువ్విక్కడ ప్లగ్ పెట్టిన రోజే వాడికి కబురు పోయింది. ఇదిగో, కనెక్షన్ ఎవరిదో కూడా ఉంది, బాపూ పేరు. బాపూ వైర్లు ఈ నాలుగు వీధులు దాటి లేవు. ఆ వీధుల్లో నిన్ను దూరం నుంచి ఒక్కసారి చూస్తే చాలు. వెతుక్కోవడం ఎంతసేపు?"

"మరి సాఫ్ట్‌వేర్?"

"అది ల్యాప్‌టాప్‌ను కాపాడింది. నీ ఫోన్‌ను కాపాడింది. వాడు వాటిల్లోకి రానే లేదు. రావాల్సిన పని లేదు వాడికి. నువ్వు కిందికి దిగితే నీ ఫోన్‌కు ఈ నెట్ అందదు. ఆయీ పక్కన చుక్క ఆరిపోతుంది, ఓవీ మహారాణి పక్కన వెలుగుతూ ఉంటుంది. అంటే పిల్ల ఒక్కతే ఉందని అర్థం. ఆ రోజు ఈ వీధి చివర కూర్చుని చుక్క ఎప్పుడు ఆరుతుందా అని చూసి ఉంటాడు."

మృణ్మయి గోడ మీది పెట్టెకేసి చూసింది. ప్రతి చెంచా వదిలేసి, ఇదొక్కటి నాది అని గుండెకు హత్తుకుని తెచ్చుకుంది. సింక్ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది.

తిరిగి వచ్చేసరికి సుహాస్ చేతిలో పిన్ను ఉంది.

"వాడు ఇవాళ పొద్దున కూడా చూశాడు, ఇక్కడ టైముతో సహా నమోదైంది. నువ్వు వాళ్లను వెతుక్కుంటూ బయల్దేరావా, ఇంట్లోనే ఉన్నావా అని కాపలా కాస్తున్నాడు. ఇదంతా ఫొటోలు తీశాను, సైబర్ పోలీసులకిస్తా. వాళ్లు రౌటర్ కంపెనీకి రాసి, అది జవాబిచ్చేది ఎప్పుడో. ఈలోగా దీన్ని తుడిచేద్దాం. వాడి కళ్లు పొడిచేద్దాం."

"వద్దు."

"మృణా!"

"ఇవాళ పొద్దున చూశాడన్నావు కదా. అయితే ఉండనీ."

"పిచ్చిపట్టిందా? నువ్వు బాత్రూమ్‌కు పోయావో బజారుకు పోయావో వాడికి తెలియాలా?"

ఆమె వినిపించుకోలేదు. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఓవీ పెట్టిన పేర్ల వరస దగ్గరికి వెళ్లింది. ఆయీ అన్న పేరు చెరిపి, దాని చోట టైపు చేసింది: ఓవీ, ఆయీ ఇంట్లోనే ఉంది.

సుహాస్ పిన్ను కింద పెట్టాడు. "వాడు పిల్లకు చూపిస్తాడనుకున్నావా?"

"చూపించడు."

"మరి?"

"వాడు ఫోన్ తీస్తే అది భుజం మీంచి తొంగి చూస్తుంది దాదా. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. చుక్క ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తుంది."

తన ఫోన్‌లో వైఫై ఆపింది. చుక్క ఆరిపోయింది. మళ్లీ పెట్టింది. కాస్త ఆగి పచ్చగా వెలిగింది. గుమ్మం దాకా వచ్చిన మనిషి గంట కొట్టినట్టు, ఆపుతూ పెడుతూ చాలాసేపు కూర్చుంది. సుహాస్ ఏడుపు ఆపుకోలేక బాల్కనీలోకి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచేసరికి ఆ పేరు లేదు. ఫోన్ కంపెనీ పెట్టిన ఏవో అంకెలు ఉన్నాయి దాని చోట. 'ఓవీ మహారాణి', 'లావు మామా' అన్నవి కూడా చెరిపేసి ఉన్నాయి. పిల్ల చదివాక చెరిపాడో, చదవకముందే చెరిపాడో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

మృణ్మయి కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్లీ రాసింది. సాయంత్రానికి చెరిపేశాడు. ఆమె మళ్లీ రాసింది. నిమజ్జనం అయిపోయి బాపూ మనుషులు పనిలోకి వచ్చారు. మీ అన్నగారు రౌటర్ మార్చమన్నారంట కదా తాయీ అని ఒకడు తలుపు తట్టాడు. ఆమె గుమ్మంలోంచే పంపేసింది.