బోలు చప్పుడు

వ్యాను పైకప్పుకు అంటించిన థర్మకోల్‌ను గట్టయ్య మళ్లీ పీకేస్తున్నాడు. అది చూసి మెకానిక్ రహమతుల్లా తల పట్టుకున్నాడు.

"ఏంది కాకా, పిచ్చి లేసిందా? నిన్ననే గద అతికిచ్చినం!"

"చప్పుడు మంచిగ లేదురా. బోలుగ పలుకుతంది."

"థర్మకోల్ బోలుగ పలకక గుడిగంట లెక్క మోగుతదా? గిది బండి కాకా, బాయి కాదు."

గట్టయ్య ఇంకో ముక్క పీకి కింద పడేశాడు. బొగ్గుబాయిలో జుట్టు నెరిసిన మనిషి. కర్రతో పైకప్పు కొట్టి చూడందే అక్కడ అడుగు ముందుకేసేవాడు కాదు. ఖంగుమంటే నిలబడొచ్చు. బోలుగా పలికిందంటే పైన రాతిపొర విడిచినట్టే, వెనక్కి ఉరకాలి. ఒంట్లో సత్తువ తగ్గాక తన నౌకరీనే కొడుకు జగదీశ్వర్‌కు పెట్టించాడు. కొట్టి చూడడమూ తనే నేర్పాడు. అయినా ఒకనాడు కప్పు కూలింది. ఆ వేళకు గట్టయ్య ఇంట్లో అన్నం తింటున్నాడు.

కొడుకు అస్థికలు కలిపిన కాళేశ్వరం రేవు ఒక్కసారి చూపించమని భార్య సారవ్వ అడుగుతోంది. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషి, బస్సులో కూర్చోలేదు. అందుకే ఈ పాత వ్యాను, లోపల మంచం, చిన్న స్టవ్వు, నీళ్ల డబ్బా. రేకు మాత్రం గోదావరిఖని ఎండకు పెనంలా కాలుతోంది. వేడి ఆపడానికి ఫ్రిజ్జుల దుకాణం వాళ్లు పారేసిన థర్మకోల్, పాత బస్సు సీట్ల స్పాంజి, వాటి కింద పలచని ప్లైవుడ్. అంతకుమించి తాహతు లేదు. ఎండలు తగ్గేదాకా ఆగుదామంటే దవాఖానలో డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పోయేదుంటే జల్ది పొమ్మన్నాడు.

రహమతుల్లా సణుక్కుంటూనే మళ్లీ అంతా అతికించి, ప్లైవుడ్ బిగించాడు. ఇద్దరూ కలిసి సారవ్వను ఎత్తి లోపల పడుకోబెట్టారు.

"సల్లగుంది జగదీశు నాయినా," అంది సారవ్వ మొగుణ్ని చూసి. మాట మూతి పక్కకు జారుతోంది. "నువ్వు గూడ రా."

గట్టయ్య తలుపు దగ్గరే నిలబడి కర్ర చాపి కొట్టాడు. అదే చప్పుడు. చెయ్యి దానంతటదే ప్లైవుడ్ అంచు మీదికి పోయింది.

"పీకకు," అంది సారవ్వ. "పడితే పడనీ. ఇద్దరి మీద పడతది. మన పోరడు ఒక్కడే ఉండె."

గట్టయ్య కర్ర కింద పడేసి, బాయిలోకి వంగినట్టే వంగి లోపలికి ఎక్కాడు. రహమతుల్లా బండి తీశాడు. గుంతల్లో పైకప్పు దడదడమన్నప్పుడల్లా గట్టయ్య సారవ్వ మొహం మీద తన అరచెయ్యి అడ్డం పెడుతూనే ఉన్నాడు.