పల్లకి వెనక నడిచిన పిల్ల

1993 జనవరిలో ఒక ఉదయం, ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో అహోబిలం నరసింహస్వామి పారువేట ఉత్సవపు పల్లకి ఆగి కదిలాక, నాలుగేళ్ల ఈశ్వరి కనిపించలేదు.

తల్లి కాశమ్మ వెంటనే పోలీసుల దగ్గరికి పోలేదు. వాళ్లు చెంచులు; తమ ఆడపిల్లను పెళ్లాడిన నరసింహస్వామి చెంచులకు ఇంటి అల్లుడు.

"అల్లుని ఎంబడే కదా పోయింది, ఆయప్పే తెస్తాడు. అల్లుని మీద కేసు పెడ్తామా ఏందీ?" అన్నాడు భర్త బయ్యన్న.

పల్లకి ఊరూరా తిరిగి కొండకు చేరేదాకా ఇద్దరూ ఎదురు చూశారు. పల్లకి వచ్చింది. పిల్ల రాలేదు. ఫిర్యాదు ఆ తర్వాత ఇచ్చారు.

అప్పటి నుంచి కాశమ్మకు ఒకటే కల. జొన్నచేలో పల్లకి పోతూ ఉంటుంది. మోసేవాళ్లు కనిపించరు. వెనక పిల్ల నడుస్తుంటుంది. పిలిస్తే ఆగుతుంది, తిరగదు. బయ్యన్న చనిపోయిన ఏడాది కలలో జొన్న కోతకొచ్చింది. పిల్ల మాత్రం పెరగలేదు.

నిరుడు నంద్యాల ఎస్సై జ్యోత్స్న కబురు పెట్టింది. ఈశ్వరి తప్పిపోయిన నెలలోనే నంద్యాల రైల్వే స్టేషన్లో ఒక పిల్ల దొరికింది. పాస్టరు సంజీవయ్య పెంచుకుని లూదియా అని పేరు పెట్టాడు. ఇప్పుడామె టీచరు. కన్నవాళ్లెవరో కనుక్కోమని ఆమే వచ్చి అడిగింది. కాశమ్మ, లూదియా ఇద్దరి రక్తం తీసి డీఎన్ఏ పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజు ఇద్దరూ పోలీస్ స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

"సూదేసి ఎంత నెత్తురు లాగినారు మే. జలగే నయం," అంది కాశమ్మ. లూదియా నవ్వింది.

"నీకేమన్నా గుర్తుండాదా, పాపా?"

"ఒకటే పెద్దమ్మా. ముందర ఏందో ఊగుతా పోతాంటుంది. దాని ఎనక నేను నడుస్తాంటా."

"ఎవరన్నా పిలిచినారా?"

"పిలిచినారు. నేను తిరగలేదు."

కాశమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఎండ వరండా మెట్లు దిగి వాకిట్లోకి పోయింది.

జ్యోత్స్న బయటికొచ్చి, "కలవలేదమ్మా," అంది.

"ఇంకోసారి చేయిద్దాం మేడం," అంది లూదియా.

"రెండుసార్లు చేసినారు."

కాశమ్మ చెయ్యి వదల్లేదు.

"ఇంట్లో ఎవరుండారు మే నీకు?"

"నాయన పోయినాక ఒక్కదాన్నే."

"అయితే మా ఇంటికాడికి రా. సంగటి చేస్తా. నా కూతురు కాకపోతే నీకు ఆకలి కాదా?"

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో ఇద్దరూ ఎక్కారు. ఈశ్వరి కేసు ఇంకా తేలలేదు.