బెత్తెడు దించిన బండి

నేను ఒక పాత పికప్ బండిని. నా ఈడు బండ్లన్నీ ఎప్పుడో కొలిమిలో కరిగి ఇనుప చువ్వలై, ఎవరెవరి ఇళ్ల కప్పుల్లోనో ఉండి ఉంటాయి. నేను మాత్రం మొండిగా మిగిలాను. బొంబాయి దగ్గర ఒక కర్మాగారంలో పుట్టాను. పుట్టినప్పుడు ఆకుపచ్చ రంగు. తర్వాత ఎవరి ముచ్చట కొద్దీ వాళ్లు రంగులు పూశారు, నన్ను ఎవరూ అడగలేదు.

మొదట నన్ను కాలవల శాఖలో ఒక ఇంజినీరుగారికి ఇచ్చారు. ఆయన కాలవలు చూడటానికని నన్ను బయల్దేరదీసేవారు. నేను చూసిన కాలవలు తక్కువ, వాళ్ల బంధువుల పెళ్లిళ్లు ఎక్కువ. ఆయన రిటైరయ్యాక నన్ను వేలం వేస్తే రాజమండ్రిలో సోడాల వ్యాపారి పాడుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక సీసాలు గలగలమనేవి, ఆయన నన్ను తిట్టేవాడు. రోడ్డు వేసినవాణ్ణి మాత్రం ఒక్కసారీ తిట్టలేదు. అక్కణ్ణుంచి కడియపులంక వచ్చి గోవిందు చేతిలో పడ్డాను. నా బతుకంటూ ఏదైనా ఉంటే అది అక్కడే మొదలైంది.

గోవిందుకు చిన్న నర్సరీ ఉంది. మొక్కలు నా తొట్టిలో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. అమ్మేవాడు అనడం మాటవరసకే. అతనికి బండి తెలుసుగానీ మొక్క తెలియదు. మందారానికీ గన్నేరుకీ తేడా చెప్పాలంటే పువ్వు పూసేదాకా ఆగాలి. అమ్మేది అతని పెళ్లాం నూకరత్నం. నా ఎడమవైపు సీటు ఆమెది. వాకిట్లో ఆగగానే దిగి, ఎండ ఎటు పడుతుందో చూసి, మట్టి చిటికెడు తీసి నలిపి, అప్పుడు చెప్పేది. గులాబీ కావాలని పట్టుబట్టిన ఇల్లాలికి ఆ నీడలో గులాబీ బతకదని చెప్పి, అమ్మకుండా వచ్చేసిన రోజులు బోలెడు. అందుకే జనం ఆమె మాట కోసం ఎదురుచూసేవారు.

ఆ ఊళ్లో వాళ్లకొక పట్టింపు ఉండేది. మొక్కల బండి ఖాళీగా ఇంటికి రాకూడదు, వస్తే లక్ష్మి దిగిపోతుంది. అందుకని నా తొట్టి చిట్టచివర, వెనక చక్రాలు కూడా దాటి, రెండు పెద్ద సిమెంటు కుండీల్లో దానిమ్మ మొక్కలు ఎప్పుడూ ఉండేవి. అమ్మేవి కావు, దించేవీ కావు. తడిసిన మట్టితో ఒక్కో కుండీ నలుగురు మోసే బరువు. ఆ బరువుకు వెనక కుంగి, నా ముక్కు బెత్తెడు పైకి లేచి ఉండేది. పదేళ్లుగా అలాగే చూసి, నేను నిలబడే తీరే అంత అనుకున్నారు.

ఫాల్గుణమాసంలో తడి గట్టు మీద నారు తట్టతో నడుస్తూ రత్నం జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. రెండు నెలలకు చేతికర్రతో నడిచిందిగానీ, ఆ కాలు ఇంటి గుమ్మం ఎత్తు వరకే లేచేది. నా మెట్టు గుమ్మం కంటే బెత్తెడు ఎత్తు. చూడటానికి బెత్తెడే. ఆమెకు అది కొండ అయి కూర్చుంది.

ముందు పీట వేసి చూశారు. కాలవగట్టు వాలులో పీట ఒరిగి, ఆమె నా తలుపు పట్టుకు వేలాడింది. ఇంకోసారి గోవిందు ఆమెను రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టాడు. టీ కొట్టు దగ్గర నలుగురూ నవ్వారు. రత్నం రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత గోవిందు ఒక్కడే వెళ్లడం మొదలుపెట్టాడు. అమ్మ రాలేదా అని అడిగి, లేదంటే జనం లోపలికి వెళ్లిపోయేవారు. పొద్దున వేసుకెళ్లిన మొక్కలు సాయంత్రానికి వాడిపోయి తిరిగొచ్చేవి. నన్ను అమ్మేసి పెద్ద నర్సరీలో కూలికి చేరతానన్నాడు ఒకరోజు.

రత్నం నా తలుపు పట్టుకుని నిలబడి ఉంది అప్పుడు. "నన్నొక మూల కూచోబెట్టి, కుండీలో మొక్కకి పోసినట్టు అన్నం పెడతా ఉంటే నేను బతకను మావా. నేను ఎక్కలేపోతే బండినే దించు," అంది.

మనిషి ఎక్కలేకపోతే బండిని దించడమనే ఆలోచన నాకు నచ్చింది. నా జన్మలో నా గురించి ఎవరైనా చేసిన మంచి ఆలోచన అదొక్కటే. అప్పుడు కాశీ మేస్త్రిని పిలిచారు.

కాశీ పనిమంతుడే. నా కిందికి దూరి, ముందు ఇరుసుకు పైన కట్టలుగా ఉండే ఉక్కు పట్టీలను తట్టి చూశాడు. వాటినే మా మెకానిక్కులు కమాన్లంటారు, విల్లులా వంగి ఉంటాయి కాబట్టి. బయటికొచ్చి మూడు దారులు చెప్పాడు. కమాను కట్టలోంచి రెండేసి పట్టీలు తీసేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది, కానీ బండి ఊయల ఊగుతుంది. పట్టీలను కొలిమిలో కాల్చి వంపు తగ్గిస్తే రెండు రోజులు, అయితే కాలిన ఉక్కుకు పాత పొగరు ఉండదు. అసలైన పద్ధతి, ఇరుసునే చివర్లు పైకి వంచి కొత్తగా చేయించడం. కమాన్ల జోలికి పోనక్కర్లేదు, పది కాలాలు ఉంటుంది. దానికి విజయవాడ పంపాలి, నెల పైన పడుతుంది.

తొలకరి పడి వారమైంది. మొక్కలు అమ్ముడయ్యేదే ఆ నెలన్నర. ఇరుసు తిరిగొచ్చేసరికి అదను దాటిపోతుంది. గోవిందు ఇరుసే మేలన్నాడు, మళ్లీ పెళ్లాం మొహం చూసి ఊరుకున్నాడు. రత్నం అందరికంటే తొందరలో ఉంది. "కొలిమిలో పెట్టించెయ్యి అన్నయ్యా. మూడు నెలలు కూచున్నాను, ఇంక కూచోలేను," అంది.

సరే, ఎంత దించాలి? ఆమె కాలు ఎంత లేస్తుందో కాశీ పుల్లతో కొలిచాడు. నా మెట్టు నేలకెంత ఎత్తుందో కొలిచాడు. తేడా సరిగ్గా బెత్తెడు. పుల్ల మీద గాటు పెట్టుకున్నాడు. దానిమ్మ కుండీలు నా వెనక అలాగే ఉన్నాయి.

నాకు గుండె లేదంటారు. ఆ క్షణాన ఏది కొట్టుకుందో మరి తెలియదు. ఒరే నాయనా, ఆ కుండీలు దించి కొలవరా! ముక్కు లేచి ఉన్నప్పుడు కొలిచి బెత్తెడు దించితే, బరువు దిగిననాడు ఇంకో బెత్తెడు నేనే దిగుతాను కదా! కుండీలు దించితే మీ బెత్తెడు మీకు అప్పుడే దొరుకుతుంది కదా, కొలిమి ఎందుకు? ఎంత మొత్తుకున్నా ఏం లాభం. ఎవరైనా నొక్కితే తప్ప కూయలేని హారను నాది. కుండీలు దించి కొలవాలని వాళ్లకు తోచలేదు, ఎందుకంటే అవి వాళ్లకు బరువు కాదు, లక్ష్మి. ఇంట్లో దేవుడి పటాన్ని ఎవరు తూకం వేస్తారు?

కమాన్లు విప్పి తీసుకెళ్లారు, మూడో రోజు తెచ్చి బిగించారు. రత్నం చేతికర్ర నా ముందు సీటు మీదికి విసిరి, కాలెత్తి మెట్టు మీద పెట్టి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. గోవిందు మొహం తిప్పుకుని నా అద్దం తుడిచాడు, అది శుభ్రంగానే ఉంది. నాకు సంతోషం వేసిన మాట నిజం. నా కింద ఏముందో తెలిసి కూడా వేసింది.

ఆ రోజు మండపేట దాకా వెళ్లాం. మూడు నెలల ఆకలి మీద ఉన్నట్టు జనం ఆమె చుట్టూ మూగారు. వాకిలి వాకిలికీ మొక్కలు దిగుతుంటే నా ముక్కు కొంచెం కొంచెంగా వాలుతూ వచ్చింది. సాయంత్రానికి కుండీలు తప్ప ఏమీ మిగల్లేదు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఒక టీచరమ్మ ఆ కుండీలే కావాలంది. దింపడానికి తాపీపనివాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు. గోవిందు తటపటాయించాడు. రత్నం నవ్వింది. "లచ్చిమి కుండీల్లో లేదు మావా, నేను బండెక్కడంలో ఉంది. ఇచ్చెయ్," అంది.

ఇచ్చేశారు. వెనక తేలికై, నా ముందు భాగం ఇరుసు మీద కూలబడింది. ముందు బాగా వాలిందేమిటని గోవిందు ఒకసారి వంగి చూశాడు. ఎండలో అలా అనిపిస్తుందిలే అనుకుని ఎక్కాడు. కాలవ రోడ్డు మీద ప్రతి గతుక్కీ ఇనుముకు ఇనుము తగులుతోంది. లోపల ఇద్దరూ రేపు ఏ ఊరు వెళ్లాలో మాట్లాడుకుంటున్నారు. ఆపండి అని నేను ఎలా చెప్పను? పరుగు నాది, కాలు గోవిందుది.

తూము దగ్గర గుంటలో రత్నం వైపు కమాను పెళుక్కున విరిగింది. చక్రం వెనక్కి జరిగి మడ్‌గార్డులో ఇరుక్కుంది. నేను ముక్కుతో రోడ్డు గీసుకుంటూ వెళ్లి తూము గోడకు కొట్టుకుని ఆగాను. గోవిందు పెదవి చిట్లింది. రత్నానికి దెబ్బ తగల్లేదు. ఆ ఒక్క దయ చూపించింది తూము గోడే, నేను కాదు.

నా ఛాసీ వంగిపోయింది. బాగుచేసి లాభం లేదని కాశీ తలపట్టుకున్నాడు, కాల్పు సరిగా కుదర్లేదన్నాడు. పట్టీలు కాల్చిన కొలిమి ఆచారి బండి వయసే తప్పన్నాడు. ఊరంతా ఒకే మాట అంది, ఖాళీ బండి తెచ్చారు, చూశారా అని. తమాషా ఏమిటంటే ఊరు చెప్పిందే నిజం, కారణం మాత్రం వాళ్లు అనుకున్నది కాదు. కొలత సంగతి ఎవరూ ఎత్తలేదు.

ట్రాక్టరుతో లాక్కొచ్చి నర్సరీ గేటు పక్కన నన్ను వదిలేశారు. చక్రాలు ఎవరో కొనుక్కుపోయారు. గోవిందు పొద్దున్నే పెద్ద నర్సరీకి కూలికి వెళ్తాడు. అతను వెళ్లాక రత్నం వచ్చి నా తలుపు తీస్తుంది. నా మెట్టు ఇప్పుడు నేలకు జానెడు ఎత్తు కూడా లేదు, చేతికర్ర పట్టుకునే ఎక్కేస్తుంది. తన సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, ముందు అద్దంలోంచి మొక్కల బండ్లు వెళ్లే రోడ్డు చూస్తుంది. ఆమెను ఎక్కించుకోవడం చివరికి నా చేతనయింది. తీసుకెళ్లడమే కాలేదు.